తూర్పు గేటు తాళాలు

పత్రికలో ఆటల పేజీ చూసే పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. కింది విలేకరులు ఆట రిపోర్టు తెచ్చి ఇస్తే కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసి, "ఇందులో ఏం రాయలేదో ముందు చెప్పు" అంటారు. రాసింది ఎలాగూ రేపు ఊరంతా చదువుతుంది, దానికి తొందరేముందని ఆయన వాదన.

ఆ గురువారం పొద్దున శశిరేఖ వంతు వచ్చింది. క్రికెట్ తప్ప మరో ఆట పేరెత్తని నగరంలో ఫుట్‌బాల్ లీగ్ పుట్టి రెండేళ్ళే అయింది. ముందురోజు సెమీఫైనల్‌కు ఇసుక వేస్తే రాలనంత జనం. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా ఆ ఆటే ఆడి పెరిగిన పిల్ల, పొంగిపోయి రాసింది. రాయనిది ఒక్కటే. టిక్కెట్లు లేనివాళ్ళు చొరబడకుండా తూర్పు గ్యాలరీ గేట్లకు ఆట మధ్యలో బయటినుంచి తాళాలు వేశారు. ఫైనల్ ఆదివారం.

"ఏమీ జరగలేదు కదా మాస్టారూ! ఇన్నాళ్ళకు ఈ మొక్క నాలుగాకులు వేసింది. మనమే వేణ్ణీళ్ళు పోస్తామా? నేను అబద్ధమైతే రాయలేదు."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని లేచారు. సాయంత్రానికల్లా వచ్చేద్దామని చెప్పి, ఆమెను బస్సెక్కించి రెండు గంటల దూరంలో ఉన్న గనుల ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ ఓదెలు అనే ముసలాయన ఎదురొచ్చి, చేతులు పట్టుకుని కూర్చోబెట్టి, టీ పెట్టించాడు. గోడమీద అద్దం కట్టించిన పాత పేపరు ముక్క ఉంది. దానిమీద పరాంకుశం పేరు చూసి శశిరేఖ దగ్గరికి వెళ్ళింది. అందులోనూ ఇసుక వేస్తే రాలనంత జనమే.

"గిది సార్ రాసిందే బిడ్డా," అన్నాడు ఓదెలు గర్వంగా. "గిది సదివే మా తమ్ముడు లింగయ్య మా ఊరి ఫైనల్ ఆటకు ఉరికిండు. ఆట నడుస్తుండంగనే కర్రల గ్యాలరీ కూలింది. పదకొండు మంది పోయిండ్రు. గీ కాయితం మావోని జేబుల దొరికింది. సార్ ఏటా మమ్ముల సూడ వస్తరు. ఆట గురించి గింత మంచిగ ఎవలు రాసిండ్రు? ఒక్క అబద్ధం లేదు గిండ్ల."

"లేదు," అన్నారు మాస్టారు. ఆయన గ్లాసులో టీ అలాగే చల్లారిపోయింది.

తిరుగు బస్సులో శశిరేఖ అడిగింది.

"మీకు ముందే తెలుసా?"

"సెమీఫైనల్ నాడే చూశాను. కట్లు సడలి కర్రలు ఊగుతున్నాయి. ఒక వాక్యం రాసి, నా చేత్తోనే కొట్టేశాను. ఆట అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోందని."

"ఓదెలుగారికి చెప్పలేదా?"

"ఏటా చెబుదామనే వెళ్తాను."

ఆమెకు ఏడుపొచ్చింది, భయం కూడా వేసింది. సంచీలోంచి రిపోర్టు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కలం తెరిచాక కూడా మనసు ఇంకా గింజుకుంటూనే ఉంది.

"తాళాల సంగతి అచ్చయితే ఫైనల్ ఆపేస్తారేమో మాస్టారూ. లీగే ఆగిపోతుందేమో."

మాస్టారు కిటికీవైపు తిరిగారు.

"ఆగిన ఆటను మళ్ళీ మొదలుపెట్టొచ్చమ్మా," అన్నారు.