లోకనాథం సన్నాయి

"మాస్టారూ, జింకు పలక మీద ఎర్రకాంతి ఎంత జోరుగా, ఎంతసేపు పడ్డా ఒక్క ఎలక్ట్రానూ బయటికి రాదని రేపు పిల్లలకి చెప్పాలి. అతినీలలోహిత కాంతయితే సన్నగా తగిలినా చాలు, తగిలిన క్షణమే వచ్చేస్తుందనీ చెప్పాలి. లెక్క వేసి చూపించగలను. నాకే మనసొప్పడం లేదు. కొంచెం కొంచెంగా పడ్డ శక్తి లోపలెక్కడో కూడుకోదా?"

అడిగింది హైమ. విజయనగరంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరింది. ఒకప్పుడు ఆమెకి అదే పాఠం చెప్పిన భానోజీ మాస్టారు రిటైరై ఇంటిపట్టునే ఉంటున్నారు. సందేహం అడిగితే సుద్దముక్క కోసం వెతికే మనిషి కాదు. ఆ రోజూ వెతకలేదు. ఒకప్పుడు తన పక్కవాటాలో ఉండిన లోకనాథం సంగతి చెప్పారు.

లోకనాథం, అతని అన్న పైడయ్య సన్నాయి విద్వాంసులు. ఎక్కడికెళ్లినా జంటగానే వాయించేవారు. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకి తమ్ముడు శ్రుతి తప్పాడు. నిండు పందిట్లో పైడయ్య అతని చెంప మీద కొట్టాడు. లోకనాథం సన్నాయిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. కాపురం మాస్టారి పక్కవాటాకి మార్చుకుని, జూట్ మిల్లులో పనికి కుదిరాడు.

పైడయ్యకి తమ్ముడంటే ప్రాణం. మామిడిపళ్లు పంపేవాడు. పండగలకి బట్టలు పంపేవాడు. మరదలికి జబ్బు చేస్తే శిష్యుల చేత డాక్టర్ని పంపించాడు. ఏడాదికేడాది పంపేవి పెరిగాయే గాని తగ్గలేదు. లోకనాథం దేన్నీ తిప్పి పంపలేదు. వచ్చిన పళ్లు సాయంత్రానికల్లా వాటాల్లో అందరికీ పంచేసేవాడు. మర్నాటికి అతని మొహంలో వాటి జాడే ఉండేది కాదు. "ఒక్కసారి వాయించవయ్యా, మీ అన్న సంతోషిస్తాడు" అని మాస్టారంటే, "పళ్లు తియ్యగా ఉన్నాయా మాస్టారూ?" అని మాట మార్చేవాడు.

చివరికి ఒక ఉదయం పైడయ్యే వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. ఊపిరితిత్తులు పాడై, మెట్లెక్కేసరికే ఆయాసపడుతున్నాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నలుగుర్లో కొట్టేనురా తమ్ముడూ. తప్పు నాది."

ఉమ్మడి వసారాలో కూర్చున్న మాస్టారికి ఆ గొంతు వినపడీ వినపడనట్టు వినిపించింది. లోకనాథం లేచి లోపలికి వెళ్లాడు. పెట్టె తెరిచిన చప్పుడైంది. సన్నాయి తెచ్చి, దాని నోటి దగ్గరి రెల్లుని తడుపుకుని, అన్నకి ఎదురుగా కూర్చుని వాయించాడు. వేళ్లు తడబడ్డాయి. అయినా ఆపలేదు. కాసేపటికి, "నువ్వూ అందుకో అన్నయ్యా" అంటూ సన్నాయి అందించాడు.

పైడయ్య పెదాలకి ఆనించుకున్నాడు. ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించి, దాన్ని తమ్ముడి ఒళ్లో పెట్టేశాడు. "నువ్వు వాయించు. వింటాను" అన్నాడు.

ఆ ఏడు వానలు పడకముందే పైడయ్య పోయాడు.

హైమ అడిగింది: "అన్నేళ్లు పంపినవన్నీ కలిసే ఆ రోజు లోకనాథం మనసు కరిగించాయేమో, మాస్టారూ?"

మాస్టారు తల అడ్డంగా ఆడించారు.

"'తప్పు నాది' అన్న ఆ మాట పెళ్లి పందిట్లోనే అన్నా అంతసేపే పట్టేదమ్మా. అప్పటికి పైడయ్యకి ఊపిరుండేది."