పన్నెండు మూటల కోరయ్య

నల్లవాగు అడవిలో ఒక కొండవాలు మీద నలుగురు రైతులు ఉండేవారు. కోరయ్య అనే అడవిపందికి ఆరు మడులు. చెంగమ్మ అనే కుందేలుకు, పొలుసయ్య అనే పొలుసుల అలుగుకు, ముళ్ళవ్వ అనే ముసలి ఏదుపందికి తలా రెండు మడులు. అందరూ జొన్న వేసేవారు. చిలకలు వాలితే ఒకరినొకరు కేకేసుకుని తరిమేవారు.

రెండేళ్ళు వానలు పడలేదు. రైతులు అడవి విడిచి పోతారేమోనని ఏనుగురాజుకు దిగులు పట్టింది. "ఏటా మడికి ఒక మూట జొన్నలు సాయంగా ఇస్తాం" అని కొంగతో చాటింపు వేయించాడు.

కోరయ్యకు ఆరు మూటలు వచ్చాయి. చెంగమ్మకు వచ్చిన రెండు మూటలూ పిల్లల ఆకలికే అయిపోయాయి.

కోరయ్య ఆమె దగ్గరికి వెళ్ళాడు. "చెంగమ్మా, నీ మడులు నాకిచ్చెయ్. మూడు మూటలు ఇస్తాను."

"మడులు ఇచ్చేస్తే మేమెక్కడ ఉండాలన్నా?"

"కొండ అవతల బోలెడు బీడు ఉంది."

చెంగమ్మ ఆకలితో ఉన్న పిల్లల వంక చూసింది. చివరికి మూటలు తీసుకుని, పిల్లలతో కొండ దాటింది. మరుసటి ఏడు పొలుసయ్యా అలాగే వెళ్ళిపోయాడు.

ఇక ముళ్ళవ్వ మిగిలింది. ఆమె పొద్దున్నే గట్టు మీదికి వచ్చి, అలవాటుగా చెంగమ్మను పిలవబోయి ఆగిపోయేది. ఒకరోజు ఆమే కోరయ్య దగ్గరికి వచ్చింది.

"నాయనా, నా మడులూ తీసుకో."

"ఎన్ని మూటలు ఇమ్మంటావు అవ్వా?"

"ఒక్కటీ వద్దు. నాకు పలకరించే తోడు కావాలి. వాళ్ళ దగ్గరికి పోతున్నా."

కోరయ్య పొంగిపోయాడు. ఇప్పుడు వాలంతా తనదే!

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. పన్నెండు మడుల్లో జొన్న ఏపుగా పెరిగి కంకి వేసింది. అప్పుడు చిలకలు వచ్చాయి. కోరయ్య ఈ చివర తరిమితే ఆ చివర వాలాయి. అటు పరుగెత్తితే ఇటు వాలాయి. కేకేద్దామని నోరు తెరిచాడు. ఎవరిని పిలవాలి? నాలుగు రోజుల్లో ఒట్టి చొప్ప మిగిలింది.

కొండ అవతల ముగ్గురూ కలిసి బీడు దున్నారు. తలా ఒక మడే. వంతులవారీగా కాపలా కాసి, గింజ పోకుండా ఇంటికి చేర్చుకున్నారు.

పంటకాలం అయ్యాక కొంగ సాయం తెచ్చింది. కోరయ్య ముందు పన్నెండు మూటలు దించింది.

"కాసేపు కూర్చో కొంగమ్మా" అన్నాడు కోరయ్య. అతను మాట్లాడి నెల దాటింది. గొంతు బొంగురుపోయింది.

"కొండ అవతలికి పోవాలయ్యా. అక్కడిచ్చేది మూడు మూటలే. కానీ నేను అన్నం తినేదాకా చెంగమ్మ పిల్లలు నన్ను కదలనివ్వరు."

"వాళ్ళు... నా గురించి ఏమైనా అడిగారా?"

కొంగ గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. "లేదయ్యా" అని మెల్లగా చెప్పి ఎగిరిపోయింది.

పొద్దు వాలేదాకా కోరయ్య మూటల పక్కనే కూర్చున్నాడు. ఒక్క మూట కూడా విప్పలేదు.

నీతి: ఇరుగుపొరుగును ఖాళీ చేయించి సంపాదించిన నేల ఎంతున్నా, కష్టానికి పిలిస్తే పలికేవాళ్ళు ఉండరు.