తుర్రికి చేతులు మొలిచిన కథ

ఒకప్పుడు మన ఒంట్లోని కణాలకు చేతులుండేవి కావు. కాళ్లుండేవి, అవీ ఒక్క క్షణం కుదురుగా నిలిచేవి కావు. కణమంటే ఏమిటంటారా? మన ఒళ్లంతా కణాలే. కంటికి ఆనవు గానీ అల్లరిలో మాత్రం తక్కువ తినలేదు.

సూరమ్మ కూతురు మంగ ఇంకా తల్లి కడుపులో ఉండగానే, దాని వెన్ను దగ్గర నరాల కణాలన్నీ బారులు తీరాయి. వాటిలో తుర్రి అనే పిల్ల కణం ఒకటి. అది చేరవలసింది కిడ్నీ తాత నెత్తిన టోపీలా కూర్చున్న గ్రంథిని. తిన్నగా వెళ్లు, చేరగానే ఆగు, ఆగాక పెరగడం మాని పని నేర్చుకో అని వెన్నెముక పెద్దమ్మ ఒకటికి పదిసార్లు చెప్పి పంపింది.

తుర్రి తుర్రుమంది. జారింది, దొర్లింది, పేగులను ఢీకొని పకపకా నవ్వింది. దారి పొడుగునా కనిపించినవాళ్లనల్లా వచ్చేశానా, వచ్చేశానా అని అడిగి ప్రాణం తీసింది.

చివరికి గ్రంథి దగ్గరకు వచ్చింది. కానీ చేతుల్లేవు కదా, చేరిన చోటును ఎలా తడిమి చూస్తుంది? దాని మీంచి జర్రున జారిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ జారింది. ఇదేదో జారుడుబల్ల అనుకుంది పిచ్చిది. ఒక్కర్తీ ఆడుకుంటే ఏం సరదా అని రెండయింది. రెండూ నాలుగయ్యాయి, నాలుగూ ఎనిమిదయ్యాయి. మంగ పుట్టి ఆర్నెల్లు నిండేసరికి అక్కడ పెద్ద తిరనాళ్లే. అందరూ తుర్రులే, ఎవరి గంతులు వాళ్లవే.

ఆ తోపులాటకు కిడ్నీ తాత ఓ మూలకు ఒరిగిపోయాడు. పొట్టకు చోటు చాలక తాగిన పాలు తాగినట్టే బయటికి తోసేసింది. మంగ చిక్కి సగమైంది. పాప బతకదర్రా, కాస్త ఆగండి అని తాత బతిమాలాడు. ఆ సందడిలో వినేదెవరు?

ఒక రోజు సూరమ్మ స్నానానికి ముందు పాపకు నూనె రాస్తోంది. పొట్ట మీద చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఆమె చెయ్యి తీయలేదు.

“ఇక్కడేనా నా తల్లీ, నొప్పి?” అంది.

ఆ వెచ్చదనం తుర్రికి తగిలింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గంతు మానింది. మానేసరికి, అంతవరకు వినబడనిది వినబడింది. మంగ ఏడుస్తోంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. తుర్రికి గుండె లేదు గానీ, ఉంటే చెరువయ్యేదే.

“తాతా, నేనింకా రాలేదా?”

“ఎప్పుడో వచ్చేశావే పిల్లా. పట్టుకునేందుకు చేతులు లేక నీకు తెలియలేదు.”

తుర్రి ఊపిరి బిగబట్టింది. పిండిముద్దను గిల్లి లాగినట్టు తన చర్మాన్ని తానే లాగింది. బుల్లి చెయ్యొకటి బయటికొచ్చింది. దాంతో గ్రంథిని పట్టుకుందో లేదో, ఒళ్లు ఝల్లుమంది. వచ్చేశానర్రా అని కేక పెట్టింది.

ఇంకేం, తుర్రులందరికీ చేతులు కావాలట. లాగుడే లాగుడు. ఒకదానికి మూడు మొలిచాయి, ఒకదానికి నడినెత్తిన మొలిచింది. పడీ పడీ నవ్వుకున్నాయి. నవ్వుతూనే పక్కవాళ్ల చేతులందుకున్నాయి, అంతే, పెరగాలన్న ఆత్రం పోయింది. చోటు దొరికినవి పనిలో కుదురుకున్నాయి. దొరకనివి, సరదా తీరింది చాలనుకుని కరిగి మంగ ఒంట్లోనే కలిసిపోయాయి. కిడ్నీ తాత ఒళ్లు విరుచుకున్నాడు. మంగ కడుపునిండా పాలు తాగి ఇంత పెద్ద త్రేన్పు త్రేన్చింది.

అప్పటినుంచే మన ఒంట్లోని కణాలకు బుల్లి బుల్లి చేతులున్నాయి. పక్కవాళ్లను తడిమి, వచ్చేశామని తెలుసుకుని ఆగుతాయి. ఎప్పుడైనా ఏ పసిబిడ్డ ఒంట్లోనో కొన్ని తుర్రులు చేతుల సంగతి మరిచి గంతులేస్తాయి. వాటికి ఎలా గుర్తు చేయాలా అని డాక్టర్లు తలలు బద్దలు కొట్టుకుంటూ ఉంటారు.

పొట్టలో నొప్పనగానే, అడిగేలోపే అమ్మ చెయ్యి అక్కడికి వెళ్లేది కూడా అప్పటినుంచే.