కాకినోటి అక్కిరాజు తీసిన దిష్టి

ఒకానొక రాజ్యంలో వసంతరాయలనే రాజు ఉండేవాడు. ఆ రాజ్యం ఎక్కడుందని నన్ను అడక్కండి. ఈ కథ చెప్పిన మా మేనత్తను నేనూ అడగలేదు. రాజు మంచివాడే. ఎవరి మీదికీ యుద్ధానికి పోలేదు, పన్నులు పెంచలేదు. ఒక్కటే జబ్బు. ఆవకాయ కలపడంలో తనంతటివాడు భూమండలంలోనే లేడని ఆయన గట్టి నమ్మకం.

ఏటా వైశాఖంలో మంచి ముహూర్తం పెట్టించి, నిండు సభలో గంగాళం ముందు కూర్చుని, తన చేత్తోనే కలిపేవాడు. పదకొండు పెద్ద జాడీలు పదకొండుమంది సామంతులకు. శ్రావణంలో తన జన్మనక్షత్రం నాడు వాళ్లంతా విందుకు వస్తే, అప్పుడు వాటి మూతులకు గుడ్డతో కట్టిన వాసెనలు విప్పేవారు. పన్నెండోది చిన్న జాడీ. అది మంత్రి త్రిపురారికి. కలిపిన రోజే ఆయన ఇంటికి వెళ్లిపోయేది.

ఆ ఏడు వైశాఖంలోనే వానలు పట్టుకున్నాయి. ఉప్పు ఎండలేదు. ఎండని ఉప్పు రోకలికి అంటుకుంటుందే తప్ప పొడి కాదు. వంటవాళ్లు ఆ సంగతి చెప్పడానికి భయపడి రాళ్లుప్పే తెచ్చి ముందు పెట్టారు. రాజు తన వెండి తవ్వతో ఎప్పటి లెక్కనే తలకొట్టి కొలిచి పోశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాలేజీలో మా ఫిజిక్సు లెక్చరరు సాంద్రత గురించి రెండు వారాలు చెప్పారు. నాకు ఎక్కలేదు. సెలవులకు ఇంటికి వస్తే మా మేనత్త రోటి ముందు కూర్చుని ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఒరే, రాళ్లుప్పు కొలిస్తే సగం గాలినే కొలుస్తావు. దంచి కొలవాలి."

ఆ సభలో ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. పేరు అక్కిరాజు. చమత్కారంగా మాట్లాడతాడని రాజు కొలువులో పెట్టుకున్నాడు. వాళ్ల అమ్మ నలభై ఇళ్లకు ఊరగాయలు పెట్టి అతన్ని పెంచింది. గంగాళంలో పడుతున్న ఉప్పు చూసి అతను ఆగలేకపోయాడు.

"ప్రభూ, ఉప్పు చాలలేదు. ఇలాగే ఉంచితే శ్రావణానికి బూజు పడుతుంది."

మంత్రి త్రిపురారి చెవులు మూసుకున్నాడు.

"శివశివా! ప్రభువుల జన్మనక్షత్రానికి తెరిచే జాడీల మీద, ముహూర్తం వేళ, ఎంత మాట! ప్రభువులకు కీడు కోరుతున్నావా అక్కిరాజూ?"

"కీడేమిటి మంత్రివర్యా! నేనన్నది బూజు సంగతి..."

"విన్నారా! మళ్లీ అన్నాడు!"

వెనకనుంచి ఎవడో "కాకినోరు!" అన్నాడు. సభ గొల్లున నవ్వింది. రాజు చేతికి అంటిన ఆవపిండి దులుపుకుని, "పదిహేనేళ్లుగా నా తవ్వ తప్పలేదు. ఇవాళ నీ నోరు తప్పింది. ఇంటికి పో" అన్నాడు.

అక్కిరాజు ఇంటికి పోయాడు. రాజవీధిన కాదు, దొడ్డి దారిన.

చెడ్డమాట అని చీవాట్లు తిన్నవాడికి, పోనీలే నాదే తప్పు అనుకునే వీలన్నా ఉంటుంది. మంచికి చెప్పి చీవాట్లు తిన్నవాడికి అదీ ఉండదు. నాకు తెలుసు. ఒక పెళ్లిలో వియ్యంకుల మేలు కోరి నేనొక మాటన్నాను. నలభై ఏళ్లయింది. పళ్లు తోముకుంటుంటే ఇప్పటికీ గుర్తొచ్చి చెవులు వేడెక్కుతాయి. సరే, నా గొడవెందుకు.

మర్నాడు అక్కిరాజు కడుపునొప్పి అని కబురంపి పడుకున్నాడు. 'కాస్త ఉప్పు చూడండి ప్రభూ అంటే సరిపోయేదిగా, బూజు మాట ఎందుకెత్తాను' అని వందసార్లు అనుకున్నాడు. పాలు పోయడానికి వచ్చిన మనిషి గుమ్మంలో నవ్వింది. ఆమె నవ్వింది తన వెంట వచ్చిన దూడను చూసి. అతను మాత్రం తనను చూసే అనుకుని దుప్పటి ముసుగు పెట్టాడు.

పొద్దు వాలాక భార్య పున్నమ్మ వచ్చి ముసుగు లాగింది. "ఏమండీ, మీరన్నది నిజమా, కాదా?"

"నిజమే. కానీ ఊరంతా నన్ను కాకినోరంటున్నారే!"

"ఊరికేం, రేపు ఇంకొకరు దొరుకుతారు. మీ పరువు నిన్ననే పోయింది, దాన్ని కాసేపు వదిలేయండి. జాడీలు ఇంకా పోలేదు. రేపు మూడోరోజు."

ఆవకాయ పెట్టిన మూడోరోజు జాడీ తెరిచి, అడుగునుంచి తిరగకలిపి, ఉప్పు చూసి, చాలకపోతే వేసుకోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. ఒక్క రాజుగారి ఇంట్లో లేదు. తను కలిపిందాన్ని తిరగకలపడమంటే తన చేతికి వంక పెట్టడమేనని ఆయన మనసు.

"తిరగకలపమని ఎవరు చెబుతారు? నేనా? ఈసారి నాలుక కోస్తారు" అన్నాడు అక్కిరాజు.

"ముందు అలా తూర్పుకు తిరిగి కూర్చోండి. సభలో అందరి కళ్లూ మీమీదే పడ్డాయి" అని పున్నమ్మ గుప్పెడు ఉప్పు తీసి, అతని చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మంత్రి దిష్టి" అంటూ నీళ్ల పళ్లెంలో వేసింది.

అక్కిరాజు పళ్లెంలో కరుగుతున్న ఉప్పుకేసి కాసేపు చూశాడు. తర్వాత లేచి, రెండు రోజుల్లో మొదటిసారి, అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు ఉదయం రాజవీధిన నడిచి, తల వంచుకుని సభలోకి వచ్చాడు. కొందరు కావుకావుమన్నారు. అతను పట్టించుకోలేదు.

"మహాప్రభూ, నా పాడునోరు మీ జాడీలకు దిష్టి కొట్టింది. దోషం నాది. పరిహారం చేయించండి."

రాజు మీసం సవరించుకున్నాడు. తప్పు ఒప్పుకున్నవాణ్ని చూస్తే ఏ రాజుకైనా ముచ్చటే. "ఏం పరిహారం?"

"లోకంలో ఉన్నదే ప్రభూ. జాడీ చుట్టూ ఉప్పు తిప్పి దిష్టి తీయాలి. మీ చేత్తో తీస్తేనే పోతుంది."

"ఓ గుప్పెడు ఉప్పు తెండి" అన్నాడు రాజు.

"గుప్పెడా! అది మామూలు కంటికి ప్రభూ. నాది కాకినోరని సభంతా సాక్ష్యం చెప్పింది. జాడీకి రెండు తవ్వలన్నా కావాలి. అదీ మెత్తగా దంచింది."

సభ నవ్వింది. రాజూ నవ్వాడు. ఉప్పు వేయించి, దంచి తెచ్చారు. రాజు మొదటి జాడీ చుట్టూ మూడుసార్లు తిప్పి, "నీళ్లలో పారబోయండి" అన్నాడు.

"ఆగండి ప్రభూ! పారబోస్తే ఆ నీళ్లు తొక్కినవాడికి తగులుతుంది. ప్రజలకు తగిలితే మీకు తగిలినట్టు కాదా? జాడీలోనే వేయండి. మీ చేతి ఊటలో పడ్డాక ఏ దిష్టి బతుకుతుంది?"

"అదీ నిజమే!" అన్నాడు రాజు పొంగిపోయి.

"కాస్త అడుగునుంచి కలపాలి. నా నోరు అడుగు దాకా దిగి ఉంటుంది."

రాజు భుజం దాకా చెయ్యి పెట్టి పదకొండు జాడీలూ అడుగునుంచి తిరగకలిపాడు. అంతా అయ్యాక అక్కిరాజు మంత్రివైపు తిరిగాడు. "మంత్రివర్యా, తమ ఇంటి జాడీ కూడా తెప్పిస్తే..."

"నీ నోరు నన్నేం చేస్తుందోయ్! ప్రభువులు కలిపింది కలిపినట్టే ఉంచుతాను నేను" అన్నాడు త్రిపురారి. అక్కిరాజు మళ్లీ అడిగాడు. మంత్రి విసుక్కున్నాడు. ఇంకేం చేస్తాడు?

శ్రావణం వచ్చింది. సామంతులు పంక్తిలో కూర్చున్నారు. మంత్రి తన జాడీ కూడా మోయించుకొచ్చి, "ఇందులో ఏ దిష్టి ఉప్పూ పడలేదు. అచ్చంగా ప్రభువుల చేతి కలుపు. ముందు ఇది వడ్డించండి" అంటూ వాసెన విప్పాడు.

లోపల దూదిపింజలాంటి తెల్లటి బూజు. ఆ వాసనకు పక్కనున్న సామంతుడు విస్తరితో సహా జరిగాడు.

మిగతా పదకొండూ విప్పారు. ఎర్రగా తేలిన నూనె, గట్టిగా కరకరలాడే ముక్క. పంక్తి అంతా మారు అడిగింది.

రాజు తినడం మానేశాడు. గొప్పలవాడే కానీ తెలివితక్కువవాడు కాదు. అవే కాయలు, అదే ఆవపిండి, అదే చెయ్యి. తేడా ఏమిటి? తేడా రెండు తవ్వలు. ఆయన మొహం ఎర్రబడింది.

"అక్కిరాజూ! నా చేత ఉప్పు వేయించావు."

"వేయించాను ప్రభూ."

"నిండు సభలో. నాకే తెలియకుండా."

పంక్తిలో ఒక్క చెయ్యి కదల్లేదు. అక్కిరాజు ఈసారి తల వంచలేదు.

"ఉప్పు చాలలేదని సూటిగా చెప్పకూడదటయ్యా?" అన్నాడు రాజు.

"సూటిగా చెప్పిన రోజు నన్ను కాకిని చేశారు ప్రభూ. అందుకే రెండోసారి మూడు చుట్లు తిప్పి చెప్పాను."

రాజు పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, చివరికి నోరు తెరుచుకుంది. పొలమారేదాకా నవ్వాడు. సామంతులు నవ్వారు. మంత్రి, ఎవరూ నవ్వమనకుండానే, కాస్త నవ్వాడు.

రాజు తన వెండి తవ్వ తెప్పించి అక్కిరాజు చేతిలో పెట్టాడు. "ఇకమీదట మూడోరోజు జాడీలు తెరిచేది నువ్వే. చాలకపోతే చాలలేదని అను. ముహూర్తమైనా సరే." పైన ఒక పెద్ద జాడీ ఆవకాయ, రెండెడ్ల బండి ఇచ్చి, జాడీని బండిలో పెట్టించి పంపాడు.

ఆ తర్వాత కాకినోరన్న పేరు పోలేదు. కానీ ఊళ్లో ఎవరింట ఆవకాయ పెట్టినా, "మూడోరోజు ఓసారి కాకినోటివారిని పిలవండర్రా" అనేవారట. అక్కిరాజు రాజవీధిన తవ్వ చేతబట్టుకుని దర్జాగా వెళ్లేవాడు.

ఒక్క పున్నమ్మ పెట్టిన ఆవకాయ విషయంలో మాత్రం, "ఎలా ఉందండీ?" అని ఆమె అడిగితే, "అమృతం" అని, రెండు చెంబుల మంచినీళ్లు తాగి లేచేవాడని మా మేనత్త చెప్పింది.