కొమ్మలరాయి మీద ఎండుకొమ్మ

తూర్పున, మబ్బులు మోకాళ్లెత్తున తిరిగే చోట, ముసురుకొండ అని ఒక కొండ ఉండేది. దాని నెత్తిన పెద్ద అడవి. ఆ అడవిలో కణితులనే పెద్ద దుప్పులు, ముళ్లపందులు, బెట్టుడుతలు, అడవికోళ్లు, కొండముచ్చులు కాపురం ఉండేవి.

కిందికి చూస్తే వాలంతా వలిసె చేలు, పసుపు ఆరబోసినట్టు. పైకి చూస్తే మద్దిచెట్లు, వాటి మొదళ్లకి నాచు, ఎక్కడో గెడ్డ పారుతున్న చప్పుడు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ మబ్బు దిగిందంటే నీ కాళ్లు నీకే కనబడవు. తోవ పక్కనే లోయ మరి.

కొండెక్కే చోట బల్లలాంటి రాయి ఒకటుంది. దాన్ని కొమ్మలరాయి అనేవారు. అక్కడో కట్టుబాటు ఉంది. పైకి పోయేవాళ్లు ఎవరైనా సరే, ఒక పచ్చికొమ్మ తుంచి ఆ రాయి మీద పెట్టాలి. గాలికి పోకుండా దాని మీద చిన్న రాయి పెట్టాలి. దిగేటప్పుడు ఎవరి కొమ్మ వాళ్లు తీసేసుకోవాలి. సందెవేళకి కొమ్మ మిగిలిందంటే ఎవరో పైన ఉండిపోయారన్నమాట. అప్పుడు కాపలా ఉన్నవాళ్లు గొంతెత్తి కూకేస్తారు. ఆ కూకని పట్టుకుని తప్పిపోయినవాళ్లు దిగొస్తారు.

ఆ కాపలా మొదట్లో ఒక ముసలి కణితిది. పోయిన వానల్లో అడవికోడి పిల్లలు పైన చిక్కుకుపోతే, ఆయన కొమ్మ పెట్టి ఎక్కాడు. పిల్లల్ని తోవలో పెట్టాడు. ఇంతలో గట్టు జారింది. పిల్లలు దిగొచ్చాయి. ఆయన దిగలేదు.

ఆయన పెట్టిన కొమ్మ రాయి మీద ఉండిపోయింది. ఆకులు రాలాయి, బెరడు ఊడింది. ఆయన పెళ్లాం కణితమ్మ దాన్ని తియ్యనివ్వలేదు. కాపలా తనే తీసుకుంది. రోజూ సందెవేళ వచ్చి, ఆ ఎండుకొమ్మకి చెంప ఆనించి కాసేపు నిలబడేది. కన్నీళ్లు కారి కారి ఆ పుల్ల ఉప్పెక్కిపోయింది.

కొండముచ్చు చెట్టు మీంచి ఎకసెక్కాలాడేవాడు. "ఏటొదినా, అన్నయ్య దిగొచ్చి తీసుకుంటాడేటి ఆ పుల్ల?"

"దిగడులే మరిదీ," అనేది కణితమ్మ. "ఎక్కినాయన ఎక్కినట్టే ఉండనీ."

ఒక చలికాలం పొద్దున, పల్లం నించి ఇద్దరు ఆ కొండ చూద్దామని వచ్చారు. ఒకతె గొర్రెమ్మ. కడుపుతో ఉంది, నెలలు నిండాయి. కొండ నెత్తిన ఉప్పుమన్ను ఉందని విని, నాలుగు నాకులు నాకాలని దాని ఆశ. రెండోవాడు మేకపోతు. మెడలో ఇత్తడి గంట. మందలో గొర్రెలన్నీ ఆ గంట చప్పుడు వెనకే నడుస్తాయి. అందుకని అతగాడి కాళ్లు నేల మీద ఆనవు.

ఆ వేళప్పుడు కణితమ్మ అవతలి వాలులో మేస్తోంది. కొండముచ్చే వాళ్లకి కట్టుబాటు చెప్పాడు.

మేకపోతు నవ్వాడు. "అబ్బో, పెద్ద కోటగుమ్మమే! నా మెడలో గంటుంది బావా. నేనెక్కడున్నానో లోకమంతా వింటుంది. నాకు కొమ్మెందుకు?"

"అలా అనకు అన్నయ్యా," అంది గొర్రెమ్మ. "వాళ్ల చోటు, వాళ్ల పద్ధతి." ఉసిరికొమ్మ తుంచి రాయి మీద పెట్టింది. మూతితో చిన్న రాయి దొర్లించి దాని మీదికి నెట్టింది. దాహమేసి గెడ్డ వైపు నడిచింది. కొండముచ్చు ఇంకో చెట్టు మీదికి దూకి పోయాడు.

మేకపోతు ఒక్కడూ మిగిలాడు. ఎదురుగా లేత ఉసిరాకు. మేక ముందు ఆకు పెడితే ఆగుతుందా? చిన్న రాయిని కొమ్ముతో తోసేసి, కరకరా నమిలేశాడు. పక్కనే ఎండుపుల్ల. ఊరికే నాలుక తగిలించాడు. ఉప్పగా ఉంది! "ఓరి, ఉప్పుమన్ను పైన ఉందన్నారు, ఇక్కడే ఉందే!" అనుకుని దాన్నీ నమిలేశాడు. మీసం దులుపుకుని గొర్రెమ్మ వెనకాలే ఎక్కిపోయాడు.

సందెవేళకి మబ్బు దిగింది. చలి గాలి. కణితమ్మ వణుక్కుంటూ రాయి దగ్గరికొచ్చింది.

కొండముచ్చు కొమ్మ మీద ముడుచుకుని కూర్చున్నాడు. "ఇంటికి పో వదినా. పొద్దున పల్లపోళ్లు ఇద్దరొచ్చారు. ఒక గొర్రె, ఒక మేక. వాళ్లూ దిగిపోయారు. రాయి బోసిగా ఉంది చూడు."

"హమ్మయ్య," అనుకుంది కణితమ్మ. అలవాటుగా చెంప వంచింది. చెంపకి చల్లటి రాయి తగిలింది.

"మరిదీ, మీ అన్నయ్య కొమ్మేదీ?"

"గాలికి పోయుంటుందిలే."

"మీద రాయి పెట్టిన కొమ్మ గాలికెలా పోద్ది?"

"పోతే పోయింది వదినా. ఒక ఎండుపుల్ల కోసం ఈ చలిలో..."

కణితమ్మ ఆ మాట వినలేదు. వంగి వాసన చూసింది. నమిలి ఊసిన చిన్న చిన్న ముక్కలు కనబడ్డాయి. ఏడవడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఆగిపోయింది.

"మరిదీ, ఆయన కొమ్మ తీసేవాళ్లు ఈ అడవిలో ఎవరూ లేరు. అదే తిన్నారంటే, పక్కన ఉన్న కొమ్మని వదులుతారా? రాయి బోసిగా ఉందంటే వాళ్లు దిగినట్టు కాదు. వాళ్లు పైనే ఉన్నారు!"

కొండముచ్చు తోక జారిపోయింది.

కణితమ్మ మెడ చాచి కూకేసింది. ఆ ముసలాయన కూకేసినట్టే, పొడుగ్గా, ఆగి ఆగి. చాలాసేపటికి పైనించి సన్నగా గొర్రె అరుపు వినబడింది.

పైన వాళ్లిద్దరూ లోయ అంచున నిలబడి ఉన్నారు. గొర్రెమ్మ పాపం గంట చప్పుడు నమ్ముకుని నడిచింది. గంట కట్టుకున్నవాడికే దారి తెలీదాయె.

"కదలకండర్రా!" అని అరుస్తూ కణితమ్మ పైకెక్కింది. వెనకాలే కొండముచ్చు. "నేనొచ్చేదాకా ఒక్క అడుగు వెయ్యకండి!"

గొర్రెమ్మ ఉన్నచోటే కూలబడింది. మేకపోతు ఆగలేదు. "నాకు ఒకరు చెప్పాలా? గొంతు ఇటే వినబడుతోంది," అని ఒక్క దూకు దూకాడు. కింద నేల లేదు. దొర్లి దొర్లి ఒక మొద్దుకి తగులుకున్నాడు. ఒక కొమ్ము ఫట్టున విరిగింది. గంట తాడు మొద్దుకి చిక్కుకుని మెడ బిగుసుకుపోయింది.

కొండముచ్చు చెట్టు వేళ్లు పట్టుకుని కిందికి జారాడు. పళ్లతో ఆ తాడు కొరికేశాడు. గంట గణగణమంటూ లోయలోకి పోయింది. మబ్బులో దాని చప్పుడు వినబడుతూ, వినబడుతూ ఆగిపోయింది.

"లోకమంతా విందిలే బావా," అన్నాడు కొండముచ్చు, మేకపోతుని చెవి పట్టి పైకి లాగుతూ. "పద."

ముందు కణితమ్మ, దాని తోక వాసన పట్టుకుని గొర్రెమ్మ, వెనకాల మేకపోతు, అందరికీ వెనక కొండముచ్చు. అలా దిగారు. కణితమ్మ పొదలో ఎండుగడ్డి మీద ఆ తెల్లవారుతూనే గొర్రెమ్మ ఈనింది. నల్లమూతి పిల్ల. తల్లీపిల్లా క్షేమం.

మేకపోతు పొద దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి నేల చూపులు చూశాడు. ఆ ఎండుకొమ్మ ఎవరిదో కొండముచ్చు చెప్పాడు. అది ఉప్పగా ఎందుకుందో కూడా చెప్పాడు.

చలి పోయి ఇప్పలు పూసే కాలం వచ్చింది. ఒక పొద్దున కణితమ్మ చూస్తే, పల్లం నించి గొర్రెమ్మ పిల్లని వెంటేసుకుని వస్తోంది. వెనకాల మేకపోతు. ఒంటికొమ్ము, బోసి మెడ. నోట్లో ఒక మద్దికొమ్మ, నిండా లేతాకులతో.

కొమ్మని రాయి మీద పెట్టి అన్నాడు. "అత్తా, ఇది నాది కాదు. మావయ్యది. ఆయనది నేను తినేశాను కదా."

కణితమ్మ కొమ్మ కేసి చూసింది. "పల్లం నించి నోట్లో పెట్టుకుని తెచ్చావా? ఒక్క ఆకూ కొరకలేదేటి నాయనా?"

"దారంతా నోరూరింది అత్తా," అన్నాడు మేకపోతు. "కానీ కొరకలేదు."

కణితమ్మ చాలా రోజులకి నవ్వింది. చిన్న రాయి తెచ్చి ఆ కొమ్మ మీద పెట్టింది.

ఆ సాయంత్రం అందరూ ఎవరి కొమ్మ వాళ్లు తీసుకుని దిగిపోయారు. ఒక్క మద్దికొమ్మ ఉండిపోయింది. కొండముచ్చు దాని మీద రాయి కదలకుండా ఉందో లేదో చూసుకుని, అప్పుడు చెట్టెక్కాడు.

నీతి: కొత్త చోటికి పోతే అక్కడి కట్టుబాటు ఎందుకో అడుగు, ఎగతాళి చెయ్యకు, నీ కంటికి ఎండుపుల్ల అయింది ఒకరికి పోయినవాళ్ల గుర్తు, ఇంకొకరికి నిండు ప్రాణం.