నిదానమ్మ మెడ చాచిన వేళ

అనగనగా ఒక అడవి. ఆ అడవిని ఒరుసుకుంటూ ఒక ఏరు, ఏటి ఒడ్డున ఇసుకతిన్నె. ఆ ఇసుకలో నిదానమ్మ అనే తాబేలు గుడ్లు పెట్టింది. పైన మెత్తగా ఇసుక కప్పి, దేవుడికి దండం పెట్టుకుని కాపలా కూర్చుంది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. కొండమీది మడుగు ఎండిపోయింది. ఏనుగుల మంద ఏటికి దిగి వస్తోందనీ, ఆ తిన్నె మీదుగానే నడుస్తుందనీ కబురు వచ్చింది. నిదానమ్మ ఇసుకకేసి చూసింది. అంతంత పాదాల కింద గుడ్లు మిగులుతాయా?

మంద వెదురు పొదల దగ్గర ఆగిందని తెలిసి అక్కడికి పాకుతూ వెళ్ళింది. ఏనుగుల రాణి భద్రావతి ఎదుట నిలబడింది. ఆ కాళ్ళనూ తొండాలనూ చూడగానే తల డిప్పలోకి లాక్కుంది. "రాణమ్మా... నా బిడ్డలు..." అని లోపలినుంచే గొణిగింది.

"ఏమే డిప్పమ్మా, లోపల ఎవరితో కబుర్లు?" అని గున్న ఏనుగులు పకపకా నవ్వాయి. రాణి తల తిప్పుకుని వెదురు మేయసాగింది.

నిదానమ్మ తిరిగి వస్తుంటే దారిలో ఒక నెమలి కనిపించింది. "అలా ముడుచుకుంటే ఎవరు వింటారత్తా? ఒళ్ళంతా ఊపాలి, గొంతు చించుకోవాలి! నన్ను చూసి నేర్చుకో" అంది.

మర్నాడు నిదానమ్మ మళ్ళీ మంద ఎదుటికి వెళ్ళి అలాగే చేసింది. అటూ ఇటూ ఊగింది, కాళ్ళు తపతపా కొట్టింది, ఊపిరి తీయకుండా అరిచింది. ఏనుగులు బెదిరి ఘీంకరించాయి.

"పోట్లాటకు వచ్చావా? పొద్దు వాలేసరికి మేం ఏట్లోకి దిగుతాం. అడ్డు లే!" అంది రాణి.

నిదానమ్మ కళ్ళనీళ్ళతో తిన్నె చేరింది. ఇసుకకు చెంప ఆనించి, "భయపడకండి నాయనా, అమ్మ ఇక్కడే ఉంది" అంది. అని, తనే ఆశ్చర్యపోయింది. మెడ చాచే ఉంది. గొంతు వణకలేదు. ఒక్కో మాటా మెత్తగా, తేటగా వచ్చింది.

"బిడ్డలతో ఇలా మాట్లాడగలదాన్ని, బిడ్డల కోసం మాట్లాడలేనా?" అనుకుంది.

పొద్దు వాలింది. ఏనుగులు దిగివచ్చాయి. నిదానమ్మ నాలుగు కాళ్ళూ నేలకు ఆన్చి, మెడ నిండుగా చాచి దారిలో నిలబడింది. వెంటనే మాట్లాడలేదు. చేటలంత చెవుల చప్పుడు అణగేదాకా ఆగింది. రాణి కళ్ళలోకి చూసింది.

"రాణమ్మా, మీరు దప్పికతో ఉన్నారు. ఏటికి వెళ్ళొద్దని అనను." ఒక్క క్షణం ఆగింది. "ఈ ఇసుక కింద నా బిడ్డలున్నారు." ముందుకాలు ఎత్తి, పువ్వు మీద పెట్టినట్టు ఆనించింది. "ఇక్కడ. ఆ రేగుపొద పక్కగా దిగితే మీకు నీళ్ళు దక్కుతాయి, నాకు బిడ్డలు దక్కుతారు."

ఏ ఏనుగూ నవ్వలేదు.

"అయ్యో తల్లీ, ఈ మాట ముందే చెప్పలేకపోయావా?" అంది రాణి.

"చెప్పాను రాణమ్మా. మీదాకా రాలేదు."

రాణి తొండమెత్తి మందను రేగుపొద వైపు మళ్ళించింది. తిన్నె మీదికి పరుగెత్తబోయిన గున్నను తొండంతో వెనక్కి లాగి, "నెమ్మదిగా రారా, అక్కడ పసివాళ్ళు నిద్రపోతున్నారు" అంది.

కాబట్టి పిల్లలూ, మాట నిజమైతే చాలదు; ముడుచుకోకుండా, మీదపడకుండా, ఎదుటివారి కళ్ళలోకి చూసి నిదానంగా చెప్పినప్పుడే అది మనసుకు చేరుతుంది.