తవుడమ్మ ఊడబెరికిన తలుపు

వినండి. మీ ముత్తాతకు ముత్తాత ఇంకా పుట్టలేదు. ఓడలు గాలిని నమ్ముకుని నడిచేవి. ఆ కాలంలో సముద్రం పక్కన ఒక ఉప్పుపల్లె ఉండేది.

ఆ పల్లెలో చెట్టు లేదు. ఉప్పు నేలలో ఏ చెట్టు బతుకుతుంది? ఇంటి మీద కప్పే తాటాకు కూడా పక్క ఊరి నుంచి మోసుకురావాలి. చెక్క కావాలంటే సముద్రమే ఇవ్వాలి. ఎక్కడో ఓడ పగిలితే దాని పలకలు ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. వాటితో ఇంటికొక తలుపు చేసుకునేవారు. ఇంటికి ఒకటే తలుపు. అంతకు మించి చెక్క లేదు.

అందుకే ఆ పల్లెలో మనిషి చచ్చిపోతే పాడె కట్టేవారు కాదు. ఆ ఇంటి తలుపే ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి మోసుకెళ్లేవారు. తిరిగొచ్చాక సముద్రపు నీళ్లతో కడిగి మళ్లీ తగిలించేవారు. తలుపు లేని ఇల్లు కనబడిందంటే అది పీనుగు ఉన్న ఇల్లు. పిల్లలు అటు చూసేవారు కాదు. పెద్దలు చూసీ చూడనట్టు వెళ్లిపోయేవారు.

ఆ పల్లెలో అసిరి అనే ఆడమనిషి ఉండేది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఉన్నది తండ్రి గురయ్య ఒక్కడే. గురయ్య ఉప్పు మడుల్లో పలక లాగి లాగి ముసలివాడయ్యాడు. అసిరి చిన్నప్పుడు గంజి వేళైతే ఆయన కేకేసేవాడు కాదు. ఉప్పు లాగే పలక మీద మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. ఎంత దూరాన ఆడుకుంటున్నా అసిరి పరిగెత్తుకొచ్చేది. తండ్రి ఒక గుక్క తాగి ముంత ఆమెకు ఇచ్చేవాడు.

ఒక ఏడు సముద్రం ఉప్పు మడుల మీదికి ఎక్కింది. దిగలేదు. ఉప్పు లేదు, కూలి లేదు, గంజి లేదు. అదే ఏడు గురయ్యకు ఒక పక్క పడిపోయింది. మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. సముద్రం అవతలి దీవిలో వరి కోయడానికి మనుషులు కావాలని మేస్త్రీ వచ్చాడు. వాడికి కావలసింది మనుషులు కాదు, చేతులు. మూడు పంటలు కోసేదాకా తిరిగి రాకూడదు, అదీ కట్టుబాటు. ఉంటే తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఆకలితో చావాలి. వెళ్తే తండ్రిని ఎవరికో అప్పజెప్పాలి. అసిరి వెళ్లింది.

పెదనాన్న కొడుకు బైరాగి ఉన్నాడు కదా, రక్తం పంచుకు పుట్టినవాడు కదా అని అతనికి అప్పజెప్పింది. బైరాగి పెళ్లాం కళ్లనీళ్లు పెట్టుకుని, మావని మా గుండెల్లో పెట్టుకుంటామని చెప్పింది.

దీవిలో మోకాలిలోతు బురద. బురదలో జలగలు. అసిరికి జలగలంటే భయం లేదు. ఆమె భయం వేరు. నీళ్ల కుండ అయ్య చేతికి అందేలా పెడుతున్నారా? పెడితే ఎడమ చేతి వైపు పెడుతున్నారా? ఈగ ముక్కు మీద వాలితే ఎవరు తోలుతున్నారు? కొడితే చెప్పలేడు. కొట్టకుండా ఊరికే వదిలేస్తే, అదీ చెప్పలేడు. కొడవలి కదిలినంతసేపూ ఈ మాటలే లోపల తిరిగేవి.

ఏటికొకసారి గాలి తిరిగేది. గాలితో పాటు ఓడ వచ్చేది. ఆ ఓడను నడిపే సరంగు మస్తాను, గడ్డం నెరిసిన పెద్దమనిషి. అసిరి రేవుకు పరిగెత్తి అడిగింది. మస్తాను తాతా, మా అయ్య ఎలాగున్నాడు?

"తలుపు వేసుంది బిడ్డా," అన్నాడు మస్తాను. "లోపల బాగున్నాడని సెప్పినారు."

నువ్వు చూశావా అని అడిగింది. చూడనివ్వలేదన్నాడు. నిద్రపోతున్నాడన్నారట. మస్తాను చెప్పాలా వద్దా అన్నట్టు ఇంకో మాట చెప్పాడు. అయ్యకు కప్పమని అసిరి వచ్చేముందు ఇచ్చిన ఎర్ర దుప్పటి బైరాగి పెళ్లాం భుజాన ఉంది.

అసిరి ఇక రక్తసంబంధం వద్దనుకుంది. పరువున్నవాడైతే పరువుకైనా చూస్తాడనుకుంది. ఊరిపెద్ద దాలినాయుడికి కబురు పంపింది. దాలినాయుడు పదిమందిని పిలిచి, అందరి ముందూ, గురయ్య నాకు తండ్రితో సమానమని చెప్పాడట. పదిమందీ చేతులు జోడించారట. పెద్దవాళ్ల దయకు ఎప్పుడూ పదిమంది కావాలి. దయ అయిపోయాక తలుపు కావాలి.

మళ్లీ గాలి తిరిగింది. మళ్లీ ఓడ వచ్చింది. మళ్లీ అసిరి పరిగెత్తింది. తాతా, మా అయ్య ఎలాగున్నాడు?

"తలుపు వేసుంది బిడ్డా. లోపల బాగున్నాడని సెప్పినారు." మస్తాను ఆమె మొహం చూడకుండా తాడు చుట్టుకుంటున్నాడు. "నాను ఎల్లిపోతుంటే లోపల్నించి సప్పుడు ఇనబడింది. ఎవలో సెక్క మీద కొడుతున్నట్టు."

ఎన్నిసార్లో మస్తానే చెప్పాడు. మూడుసార్లు. ఆగి, మళ్లీ మూడుసార్లు.

అది గంజి పిలుపు. మాట లేనివాడు, కాలు లేనివాడు, వేసిన తలుపు వెనక నుంచి కూతుర్ని గంజికి పిలుస్తున్నాడు. కూతురు సముద్రం అవతల ఉంది.

ఆ రోజు అసిరి మేస్త్రీ కాళ్ల మీద పడింది. కట్టుబాటు కట్టుబాటేనన్నాడు మేస్త్రీ. ముసలాడు ఎలాగూ పోతాడు, పైరు పోతే నాకెవరిస్తారని నవ్వాడు. ఇంకో పంట మిగిలింది.

అసిరి రేవుకు తిరిగి వచ్చింది. ఈసారి మంచివాళ్లెవరని అడగలేదు. మంచివాళ్లను రెండుసార్లు చూసింది. ఈసారి వేరే మాట అడిగింది.

"తాతా, మా పల్లెలో తలుపు వెయ్యని ఇల్లు ఏదైనా ఉన్నాదా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. అలాంటి ఇల్లు ఒకటే ఉంది. పల్లె చివర తవుడమ్మ పాక. దానికి తలుపే లేదు, ఎప్పుడూ లేదు.

తవుడమ్మ ఎవరంటారా? ఆమెకు ముందు పుట్టిన బిడ్డలందరూ పోతే, ఈ ఒక్కదాన్నైనా చావు కంట పడకుండా దాచాలని తల్లి చేటెడు తవుడుకు అమ్మినట్టు అమ్మి, మళ్లీ కొనుక్కుంది. అందుకే ఆ పేరు. పెద్దయ్యాక ఆమెకు దొరికిన పని పీనుగుల్ని కడగడం. పల్లెలో ఏ ఇంట్లో మనిషి పోయినా తవుడమ్మే కడగాలి. కడిగినంతసేపూ కావాలి, తర్వాత అక్కర్లేదు. ఆమె అడుగు పెట్టిన గడప లోపలికి చావు కూడా అడుగు పెడుతుందని నమ్మేవారు. ఆమె నీడ పడితే తల్లులు బిడ్డల్ని లోపలికి లాక్కునేవారు. అసిరి తల్లి కూడా అసిరిని అలాగే లాక్కునేది.

ఇప్పుడు అసిరి నోటితో ఆ పేరు చెప్పాలి. చెప్తే తండ్రి దగ్గరికి చావును తనే పంపినట్టు. చెప్పకపోతే వేసిన తలుపు ఎలాగూ చంపుతుంది. మా అయ్యను చూడమని తవుడమ్మకు కబురు చెప్పు అంది. మస్తాను తెరచాప ఎత్తాడు.

ఆ ఏడు ఎంత పొడుగో! అసిరి వరి కోసింది, కట్టలు కట్టింది, మోసింది. ఎక్కడ చెక్క చప్పుడైనా ఉలిక్కిపడేది. కొన్నాళ్లకు చప్పుడు లేకపోతే ఉలిక్కిపడడం మొదలెట్టింది.

గాలి తిరిగింది. ఓడ వచ్చింది. ఓడ మీద మస్తాను లేడు, కళ్లు కనబడక ఒడ్డునే ఉండిపోయాడు. కొత్త సరంగు వచ్చాడు. అసిరి అడిగింది. మా అయ్య ఎలాగున్నాడు?

మంచినీళ్లు పట్టుకోవడానికి ఆ పల్లె దిబ్బ ఎక్కాను, మస్తాను గుర్తులు చెప్పిన మీ ఇల్లు అక్కణ్ణించే చూశాను గాని దగ్గరకు పోలేదన్నాడు కొత్త సరంగు. ఎందుకు పోలేదని అడిగింది. అతను తల దించుకున్నాడు.

"మీ ఇంటికి తలుపు లేదు తల్లీ."

అసిరి ఏడవలేదు. సముద్రంలోకి నడిచి తలారా మునిగింది. తడి చీరతోనే ఓడెక్కింది. మూడో పంట అయిపోయింది, మేస్త్రీ ఇక ఆపడానికి లేదు. దారంతా ఒకటే మాట. నేనే పంపాను. చావును పేరు పెట్టి పిలిచి, ఇంటికి దారి చెప్పి, నేనే పంపాను.

పల్లె చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. వీధిలో మనిషి లేడు. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. కుక్క కూడా మొరగలేదు. చివరికి తన ఇల్లు కనబడింది. ద్వారం నోరు తెరుచుకున్నట్టుంది. తలుపు లేదు.

అప్పుడు వినబడింది.

టక్, టక్, టక్.

అసిరి అక్కడే నిలబడిపోయింది. చచ్చినవాడు గంజికి పిలుస్తున్నాడు. కాళ్లు వెనక్కి పోదామన్నాయి. మళ్లీ వినబడింది. టక్, టక్, టక్. చిన్నప్పుడు పరిగెత్తిన కాళ్లే, ముందుకు నడిచాయి.

ఇంటికి అవతలి పక్క, వీధిలోకి పందిరి వేసి ఉంది. పందిరి కింద నాలుగు రాళ్లు, రాళ్ల మీద ఆ ఇంటి తలుపు. తలుపు మీద గురయ్య. బతికే ఉన్నాడు. ఒళ్లు శుభ్రంగా ఉంది, గడ్డం గీసి ఉంది, వీపు కింద మెత్తటి గడ్డి. నీళ్ల కుండ ఎడమ చేతి వైపు ఉంది. ఆ ఎడమ చెయ్యి పలక మీద కొడుతూనే ఉంది. వేళ్ల కణుపులు చిట్లి నెత్తురు కారుతోంది. కళ్లు కూతుర్ని చూశాయి, కాని కూతురి మీద ఆగలేదు. కిందికి చూశాయి.

కింద నేల మీద తవుడమ్మ పడుకుని ఉంది. ఆమె పక్కన గంజి ముంత, నిండుగా. రాత్రి ఆమె తనకు పోసిన ముంతనే గురయ్య తాగకుండా ఎడమ చేత్తో అటు దించాడు. తెల్లారిన దగ్గర్నించీ ఆమెను గంజికి పిలుస్తున్నాడు. ఆమె లేవడం లేదు.

జరిగిందేమిటో మూసిన తలుపు వెనక నుంచి బైరాగి పెళ్లాం చెప్పింది. మస్తాను కబురు అందగానే తవుడమ్మ వచ్చి గురయ్య ఇంటి తలుపు తియ్యమంది. తాళంచెవి దాలినాయుడి దగ్గరుంది. అతను ఇవ్వనన్నాడు. తవుడమ్మ గునపం తెచ్చి తలుపే ఊడబెరికింది. బతికున్నవాణ్ణి తలుపు మీద పడుకోబెడుతుంటే ఊరంతా గొల్లుమంది. కాని ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం రావాలంటే ఆమెను ముట్టుకోవాలి. వాళ్ల భయమే ఆమెకు కంచె అయింది.

అప్పుడు తవుడమ్మ అందరికీ వినబడేలా చెప్పిందట. "ఇన్నాళ్లూ పీనుగుల్ని కడిగినాను, బతికున్నోణ్ణి ఇయ్యాల కడుగుతాను. రేపు ఆ అసిరి గుంట వొచ్చి అడిగితే నా మాట ఎవలు నమ్ముతారు? సాటుగా సెయ్యను. తిట్టుకుంటూనైనా సూడండి. మీ కళ్లే నాకు సాచ్చీకం."

ఏడాది పొడుగునా ఊరు తిట్టుకుంటూ చూసింది. మొన్న ఆమెకు జ్వరం వచ్చింది. అదీ చూసింది. ఇవాళ తెల్లారి లేవలేదు. అదీ చూసి, తలుపులు వేసుకుంది. ఊరందరి పీనుగులూ కడిగిన మనిషిని కడగడానికి ఊళ్లో మనిషి లేదు.

అసిరి వంగింది. చెయ్యి చాచింది. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. తల్లి లాక్కున్న చెయ్యి అది, ఆ భయం ఇంకా అందులోనే ఉంది. గురయ్య కూతుర్ని చూసి మళ్లీ కొట్టాడు. టక్, టక్, టక్. అసిరి కళ్లు మూసుకుని ముట్టుకుంది. చల్లగా ఉంది. అంతే. ఆకాశం విరగలేదు.

తవుడమ్మను కడిగింది. తండ్రిని ఎత్తి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ఆయన పడుకున్న తలుపు మీదే ఆమెను పడుకోబెట్టింది. మొయ్యడానికి నలుగురు కావాలి. అసిరి వీధి నడుమ నిలబడింది. రాయి తీసుకుని తలుపు అంచున మూడుసార్లు కొట్టింది. ఆగింది. మళ్లీ మూడుసార్లు కొట్టింది.

చాలాసేపటికి ఒక తలుపు కిర్రుమంది. బైరాగి పెళ్లాం వచ్చింది. చేతిలో ఎర్ర దుప్పటి ఉంది. ఎవరి మొహమూ చూడకుండా తవుడమ్మ మీద కప్పి ఒక మూల పట్టుకుంది. తర్వాత ఇంకో తలుపు. తర్వాత ఇంకోటి. నలుగురూ ఆడవాళ్లే మోశారు. దాలినాయుడి తలుపు తెరుచుకోలేదు. నిజానికి అతని పేరు ఎవరికీ గుర్తులేదు. ఈ కథ చెప్పే ప్రతి ఊళ్లోనూ ఆ పెద్దమనిషికి ఒక్కో పేరు పెడతారు. తవుడమ్మ పేరు మాత్రం ఎక్కడా మారదు.

ఆ తలుపును మళ్లీ ద్వారానికి తగిలించలేదు. కడిగి పందిరి కిందే వేశారు. గురయ్య బతికినన్నాళ్లూ దాని మీదే బతికాడు.

ఇప్పటికీ ఆ తీరంలో కన్నవాళ్లను ఎవరికైనా అప్పజెప్పి సముద్రం దాటేవాళ్లు ముందు ఇంటి తలుపు ఊడదీస్తారు. చూసుకునేవాళ్లకు తాళంచెవి ఇవ్వరు, తలుపే ఇస్తారు. పెద్దవాళ్లను దాని మీద, వీధికి కనబడేలా పడుకోబెడతారు. తలుపు లేని ఇల్లంటే ఇప్పుడు ఎవరూ మొహం తిప్పుకోరు. ఆ దారిన పోయేవాళ్లు, పనిలో ఉన్నా సరే, ద్వారబంధం మీద మూడుసార్లు కొట్టి, గంజి తాగినావా అని అడుగుతారు. లోపల్నించి జవాబుగా టక్, టక్, టక్ వినబడాలి.

వినబడకపోతే, పిలవకపోయినా లోపలికి వెళ్లాలి. తవుడమ్మ వెళ్లింది కదా.